ముక్కు ద్వారా ఆపరేషనా, నెలనెలా ఇంజెక్షనా?

ఖమ్మం జిల్లాలోని ఒక చిన్న పట్టణం నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయవద్దని కోరారు. ఆవిడ వయసు 41. ఇంటి ముందు గదిలోనే మిషను పెట్టుకుని పదిహేనేళ్లుగా జాకెట్లు కుడుతున్నారు. భర్త ఎరువుల దుకాణంలో గుమాస్తా, ఒక్కతే కూతురు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. ఎనిమిదేళ్ల కిందట 2-4 సైజు గాజులు తొడుక్కున్న చేతికి ఇప్పుడు 2-8 గాజులు కూడా సబ్బు రాస్తే గాని ఎక్కడం లేదట. నాలుగేళ్ల కిందట మెట్టెలు వేళ్లలోకి దిగబడితే కంసాలి దగ్గరకు వెళ్లి కత్తిరించి తీయించుకున్నారు. ఒళ్లు చేసిందని అందరూ అన్నారు, తానూ అదే నమ్మారు. ఆ తర్వాత కత్తెర పిడిలో బొటనవేలు పట్టడం మానేసింది, రాత్రుళ్లు చేతులు తిమ్మిరెక్కసాగాయి, సూదిలోకి దారం ఎక్కించడం కూతురి పని అయింది. "ఊరందరి కొలతలు తీసేదాన్ని, నా కొలత మారుతున్నట్టు నాకే తెలియలేదు" అని రాశారు.

ఐదేళ్లుగా షుగరు ఉంది, రెండు రకాల మాత్రలు వేసుకున్నా అదుపులో లేదు. బీపీ ఉంది. గురక ఎంత పెరిగిందంటే భర్త హాల్లో పడుకుంటున్నారు. ఇన్నేళ్లలో ఎంతోమందికి చూపించుకున్నా, అసలు సంగతి పట్టుకున్నది పంటి డాక్టరు. కింది పళ్ల మధ్య సందులు, ముందుకు వచ్చిన దవడ చూసి, పాత ఫొటో ఒకటి తెమ్మని అడిగి, పెళ్లి ఫొటో పక్కన పెట్టి చూసి, హార్మోన్ పరీక్షలకు పంపారట. గ్రోత్ హార్మోన్ ప్రభావంతో రక్తంలో పెరిగే ఐజీఎఫ్-1 అనే పదార్థం ఆ వయసుకు ఉండాల్సిన గరిష్ఠ పరిమితికి మూడు రెట్లు ఉంది. గ్లూకోజు తాగించి చేసిన పరీక్షలో, మామూలుగా తగ్గాల్సిన గ్రోత్ హార్మోన్ తగ్గలేదు. ఎమ్మారైలో పిట్యూటరీ గ్రంథిలో 17 మిల్లీమీటర్ల కణితి కనిపించింది. అది పైన కంటి నరాలను తాకుతోంది, ఎడమవైపున పక్కనున్న సిరల గదిలోకి కొంత వాలింది. విజువల్ ఫీల్డ్ పరీక్షలో రెండు కళ్లకూ బయటి వైపు పై మూలల్లో చూపు కొద్దిగా తగ్గిందని తేలింది.

న్యూరో సర్జన్ ఆపరేషన్ చేయాలన్నారు. మరో డాక్టరు నెలకొక ఇంజెక్షన్‌తో ప్రయత్నించవచ్చన్నారు, కానీ ఒక్కోదానికి పాతిక వేల పైనే అవుతుందట. గామా నైఫ్ అనే రేడియేషన్ చికిత్సలో కత్తి పెట్టే పనే లేదు కదా అని బావగారు అంటున్నారు. ఆకు పసరుతో గడ్డ కరిగినవాళ్లు తమ వైపు ఉన్నారని అత్తగారు చెబుతున్నారు. వేసవిలో కూతురికి ఎంసెట్ ఉంది కాబట్టి జూన్ దాకా ఆగవచ్చా, ఇది క్యాన్సరా, మొహం మళ్లీ మామూలవుతుందా, ఈ నాలుగు దారుల్లో ఏది పట్టుకోవాలి అన్నవి ఆవిడ ప్రశ్నలు. ఉత్తరం నవంబరులో రాసింది.

అమ్మా, ముందుగా క్యాన్సర్ భయం సంగతి. పిట్యూటరీలో వచ్చే ఇలాంటి కణితులు దాదాపు అన్నీ క్యాన్సర్ కానివే. అవి ఊపిరితిత్తులకో కాలేయానికో పాకవు. మీ జబ్బు పేరు ఎక్రోమెగలీ. 1886లో పియర్ మరీ అనే ఫ్రెంచి వైద్యుడు పెట్టిన పేరు అది. గ్రీకులో చివర్లు పెద్దవి కావడమని అర్థం. మీ గాజులు, మెట్టెలు, కత్తెర చెప్పింది సరిగ్గా అదే. ఏడాదికి పది లక్షల మందిలో ముగ్గురికో నలుగురికో కొత్తగా బయటపడే జబ్బు ఇది. ఆలస్యంగా తెలిసిందని మిమ్మల్ని మీరు నిందించుకోకండి. రోజూ అద్దంలో చూసుకునే మొహంలో ఏడాదికి గింజంత మార్పు వస్తే ఎవరికీ తెలియదు. ఎన్నో ఏళ్ల తర్వాత చూసిన దూరపు చుట్టమో, కొత్తగా చూసిన డాక్టరో పట్టుకుంటారు. మీ పంటి డాక్టరు పాత ఫొటో అడగడం ఎంతో మంచి వైద్యం.

పిట్యూటరీ అంటే ముక్కు మూలానికి వెనుక, పుర్రె అడుగున గుర్రపు జీను ఆకారంలో ఉండే చిన్న గుంటలో కూర్చున్న బఠాణీ గింజంత గ్రంథి. అందులో గ్రోత్ హార్మోన్ తయారుచేసే కణాలు కొన్ని అదుపు తప్పి గడ్డ కట్టాయి. ఆ హార్మోన్ కాలేయానికి వెళ్లి అక్కడ ఐజీఎఫ్-1 అనే పదార్థాన్ని పుట్టిస్తుంది. ఎముకను, చర్మాన్ని, నాలుకను, గుండె కండరాన్ని పెంచేది, షుగరును మొండిగా మార్చేది ఈ రెండూ కలిసే. అంటే మీ షుగరు, బీపీ, గురక, చేతుల తిమ్మిరి వేర్వేరు జబ్బులు కావు, ఎక్కువ భాగం ఈ ఒక్క గడ్డకు పట్టిన కొమ్మలు.

ఇక నాలుగు దారుల్లో ఏది అన్న మీ ప్రశ్నను నేను కొంచెం మార్చి చూస్తాను. మీ గడ్డ రెండు రకాల హాని చేస్తోంది. ఒకటి, చుట్టూ ఉన్నవాటిని నొక్కుతోంది. రెండు, అక్కర్లేని హార్మోన్‌ను రక్తంలోకి వదులుతోంది. ప్రతి చికిత్సనూ ఈ రెండింటి దగ్గర నిలబెట్టి, నొక్కుడును ఎంత తగ్గిస్తుంది, ఎంత త్వరగా తగ్గిస్తుంది, హార్మోన్‌ను ఎంత తగ్గిస్తుంది అని అడగాలి. అలా అడిగితే ఇంట్లో ఒకరినొకరు కాదంటున్న సలహాల్లో కొన్ని నిజానికి ఒకదాని తర్వాత ఒకటి రావలసినవని తెలుస్తుంది.

మీ విషయంలో తొందర పెట్టేది కంటి పరీక్ష. రెండు కళ్ల నరాలు కలిసే కూడలి పిట్యూటరీకి సరిగ్గా పైన ఉంటుంది. గడ్డ కింది నుంచి ఎదిగి దాన్ని ఒత్తితే మొదట పోయేది రెండు పక్కల చూపు, అందులోనూ పై మూలలు. మీరు కుట్టేది కళ్లకు ఎదురుగా ఉన్న గుడ్డ కాబట్టి పక్క చూపు తగ్గినా పని సాగిపోతుంది. "ఈ మధ్య ద్వారబంధానికి భుజం తగులుతోంది" అని మీరు ఉత్తరం చివర్లో మాటవరసకు రాసిన వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. గిన్నెలాంటి యంత్రంలోకి చూస్తూ చుక్కలాంటి వెలుగు కనిపించినప్పుడల్లా మీట నొక్కిన ఆ పరీక్ష కాగితాన్ని జాగ్రత్తగా దాచండి. ఇకపై మీ నిర్ణయాలన్నింటికీ కొలబద్ద అదే. నరం మీద ఒత్తిడి త్వరగా తీస్తే పోయిన చూపు చాలామందిలో కొంతైనా వెనక్కి వస్తుంది. ఏళ్ల తరబడి ఒత్తిన నరం అలా కోలుకోదు.

అందుకే జూన్ అన్న మాటతో నేను ఏకీభవించలేను. గడ్డ చిన్నదై, కంటి నరాలకు దూరంగా ఉండి ఉంటే, ఇంజెక్షన్ల సాయంతో ఆరు నెలలు ఆగినా పరవాలేదని చెప్పేవాణ్ణి, ఎందుకంటే ఈ జబ్బు వారాల్లో ముంచుకొచ్చేది కాదు. మీకు చూపు తగ్గడం మొదలైంది కాబట్టి లెక్క వారాల్లో వేయాలి, నెలల్లో కాదు. డిసెంబరులో ఆపరేషన్ అయితే కూతురి పరీక్షల నాటికి మీరు ఇంట్లో తిరుగుతూ ఉంటారు. మే నెల దాకా ఆగి, సరిగ్గా ఎంసెట్ వారంలో చూపు మసకబారితే ఆ పిల్ల పరిస్థితి ఏమిటో ఆలోచించండి. ఒక హెచ్చరిక కూడా రాస్తున్నాను. హఠాత్తుగా భరించలేని తలనొప్పి వచ్చి, వాంతులై, చూపు తగ్గినా, ఒకటి రెండుగా కనిపించినా, అది గడ్డలో రక్తస్రావం కావచ్చు. ఆ రోజు ఎవరి సలహా కోసమూ ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లాలి.

ఆపరేషన్ గురించి మీ ఇంట్లో ఉన్న భయమంతా "మెదడు ఆపరేషన్" అన్న మాటలో ఉంది. ఇందులో తల గొరగరు, పైనుంచి పుర్రె తెరవరు. ముక్కు రంధ్రంలోంచి సన్నని కెమెరా గొట్టాన్ని పంపి, ముక్కు వెనకనున్న గాలి గది గుండా పిట్యూటరీ కూర్చున్న గుంట అడుగుకు చేరి, అక్కడి పలుచని ఎముకను తెరిచి గడ్డను కొద్దికొద్దిగా తీస్తారు. నొక్కుడును వెంటనే తీసేది ఇదొక్కటే. హార్మోన్ కూడా గంటల్లో పడిపోవడం మొదలవుతుంది. కాబట్టి పై రెండు ప్రశ్నలకూ మొదటి రోజే జవాబు చెప్పే చికిత్స ఇదే, సర్జన్ ముందుగా దీన్నే చెప్పడంలో స్వార్థమేమీ లేదు.

అయితే ఆపరేషన్‌తో అంతా అయిపోతుందని ఎవరైనా మాట ఇస్తే నమ్మకండి. ఒక సెంటీమీటరు లోపు గడ్డల్లో, అనుభవమున్న సర్జన్ చేతిలో, పదిమందిలో ఎనిమిది మందికి పైగా హార్మోన్ పూర్తిగా అదుపులోకి వస్తుంది. అంతకు మించిన గడ్డల్లో అది సుమారు సగం మందికే సాధ్యమవుతుంది. మీ గడ్డ ఎడమవైపున వాలిన సిరల గదిలోంచే మెదడుకు రక్తం తీసుకెళ్లే పెద్ద ధమని, కన్ను తిప్పే నరాలు పోతాయి. అక్కడి ముక్కను గీకి తీయబోతే ప్రమాదం కాబట్టి తెలివైన సర్జన్ దాన్ని వదిలేస్తారు. అలా వదలడం ఆపరేషన్ విఫలం కావడం కాదని ఇప్పుడే ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి, లేకపోతే తర్వాత "అంత ఖర్చు పెట్టి కూడా మిగిలిందట" అన్న మాటలు మిమ్మల్ని కుంగదీస్తాయి. పెద్ద భాగం పోతే మిగిలిన కొద్దిపాటి గడ్డ మీద ఇంజెక్షన్లు ఇంకా బాగా పనిచేస్తాయి.

ప్రమాదాలు కూడా తెలుసుకునే సంతకం పెట్టండి. మెదడు చుట్టూ ఉండే నీరు ముక్కులోంచి కారవచ్చు. వంగినప్పుడు ముక్కులోంచి ఉప్పగా, నీళ్లలా చుక్కలు పడితే అది జలుబు కాదు, వెంటనే చెప్పాలి, ఎందుకంటే ఆ దారిన మెదడు పొరలకు ఇన్ఫెక్షన్ పోతుంది. కొందరికి విపరీతమైన దాహం, బిందెల కొద్దీ మూత్రం వస్తుంది. దీనికీ షుగరుకూ సంబంధం లేదు, నీటిని నిలిపే హార్మోన్ తగ్గడం వల్ల వచ్చేది, చాలామందికి కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది, అంతవరకు దానికి మందు ఉంది. ఇంటికి వచ్చాక, వారం అటూఇటూగా, రక్తంలో సోడియం పడిపోయి వికారం, తలనొప్పి, మగత రావచ్చు. డిశ్చార్జి రోజున అంతా బాగుందని ఊరికి వచ్చేసినవాళ్లు ఇక్కడే దెబ్బ తింటారు. కాబట్టి వారం రోజులకు సోడియం పరీక్ష మీ ఊళ్లోనే చేయించుకునేలా చీటీ రాయించుకోండి. ముక్కు చీదడం, బరువులెత్తడం, వంగి మిషను మోయడం కొన్ని వారాల పాటు వద్దు. మిగిలిన మంచి పిట్యూటరీ కూడా దెబ్బతింటే స్టెరాయిడ్, థైరాయిడ్ మాత్రలు కొన్నాళ్లో, ఎప్పటికీనో వాడాల్సి రావచ్చు. ఇలాంటి ఇబ్బందులు సర్జన్ అనుభవాన్ని బట్టి తగ్గుతాయి. అందుకే "ఈ ఆపరేషన్లు మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు?" అని మొహమాటం లేకుండా అడగండి. నెలకు కనీసం కొన్నైనా చేసే చోటును, న్యూరో సర్జరీతో పాటు హార్మోన్ల జబ్బులు చూసే ఎండోక్రైనాలజీ విభాగం కూడా ఒకే కప్పు కింద ఉన్న చోటును ఎంచుకోండి. హైదరాబాదు పంజాగుట్టలోని నిమ్స్, వెల్లూరు సీఎంసీ అలాంటివి.

రెండో డాక్టరు చెప్పిన ఇంజెక్షన్లు ఆక్ట్రియోటైడ్, లాన్రియోటైడ్ అనేవి. నాలుగు వారాలకొకసారి పిరుదులో చేస్తారు. ఇవి గడ్డకు "చాలించు" అని చెప్పే సహజ హార్మోన్‌కు నకళ్లు. కొందరిలో హార్మోన్‌ను అదుపు చేస్తాయి, కొందరిలో గడ్డను కొంత కుదిస్తాయి కూడా. కానీ ఎవరిలో ఎంత అన్నది వాడి చూస్తే గాని తెలియదు, తెలియడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది, ఆపితే హార్మోన్ మళ్లీ పెరుగుతుంది. మొదట్లో విరేచనాలు, కడుపు పట్టేయడం, దీర్ఘకాలంలో పిత్తాశయంలో రాళ్లు రావచ్చు. కంటి నరాన్ని తాకుతున్న గడ్డకు "పనిచేస్తుందేమో చూద్దాం" అన్న చికిత్సను మొదటిదిగా ఎంచుకోవడం నాకు నచ్చదు. మీ గుండె బలహీనంగా ఉందనో, మత్తు ఇవ్వడం ప్రమాదమనో తేలితే మాత్రం ఆ డాక్టరు మాటే సరైనది అవుతుంది. అప్పుడు కూడా నెలనెలా చూపు పరీక్ష చేయించుకుంటూ, కొంచెం తగ్గినా ఆపరేషన్‌కు వెళ్లే ఒప్పందంతోనే మొదలుపెట్టాలి. ఆ ఖర్చు ఏళ్ల తరబడి మోయగలరా అన్నది కూడా వైద్యంలో భాగమే. అప్పు చేసి నాలుగు ఇంజెక్షన్లు వేయించుకుని ఐదోది మానేస్తే ఆ నాలుగింటి ఫలితమూ నిలవదు.

కాబెర్గోలిన్ అనే మాత్ర గురించి ఎవరైనా చెబుతారు. వారానికి ఒకటి రెండుసార్లు వేసుకునేది, చాలా చవక. ఐజీఎఫ్-1 కొద్దిగా మాత్రమే పెరిగినవాళ్లకు ఉపయోగం. మూడు రెట్లున్న మీకు అదొక్కటే సరిపోయే అవకాశం తక్కువ. ఆపరేషన్ తర్వాత మిగిలే కొద్దిపాటి పెరుగుదలకు మాత్రం అది గుర్తుపెట్టుకోవలసిన మందు. పెగ్విసొమాంట్ అనే రోజువారీ ఇంజెక్షన్ గ్రోత్ హార్మోన్ పనిని కాలేయం దగ్గరే అడ్డుకుంటుంది, షుగరుకు మేలు కూడా చేస్తుంది, కానీ గడ్డను కుదించదు, ఖరీదు మరీ ఎక్కువ. పాసిరియోటైడ్ షుగరును ఇంకా పెంచుతుంది, మీకు ఇప్పుడు దాని ఊసు వద్దు.

మీ బావగారు చెప్పిన గామా నైఫ్ మంచి చికిత్సే, ఆయన దాన్ని రావలసిన వంతు కంటే ముందు పిలిచారు, అంతే. కత్తి లేదన్న మాట నిజం, అది రేడియేషన్ కిరణాలను ఒక బిందువు దగ్గర కలిపి గడ్డను కాల్చడం. కంటి నరం ఆ కిరణాలను పెద్దగా తట్టుకోలేదు కాబట్టి గడ్డకూ నరానికీ మధ్య కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. మీకు ఆ ఖాళీ లేదు. పైగా దాని ఫలితం రావడానికి ఏళ్లు పడుతుంది, అంతవరకు ఇంజెక్షన్లు తప్పవు, తర్వాతి సంవత్సరాల్లో చాలామందికి మిగతా పిట్యూటరీ హార్మోన్లు తగ్గుతాయి. ఆపరేషన్‌లో కంటి నరాల దగ్గర ఖాళీ ఏర్పడి, ఎడమ సిరల గదిలో ముక్క మిగిలి, మందులకు లొంగకపోతే, అప్పుడు దానికి సరైన జవాబు గామా నైఫే. ఆ మాట ఆయనతో చెప్పండి, సంతోషిస్తారు.

అత్తగారి పసరు గురించి తగువు పెట్టుకోకండి, కానీ తాగకండి. గ్రోత్ హార్మోన్‌ను తగ్గించే ఆకు ఏదీ లేదు. నాటు మందుల్లో స్టెరాయిడ్లు కలిపిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి, అవి మీ షుగరును పెంచి, పిట్యూటరీ పరీక్షలను తారుమారు చేస్తాయి.

ఆపరేషన్‌కు ఒప్పుకుంటే ముందుగా చేయించవలసినవి కొన్ని ఉన్నాయి. ఉదయం ఎనిమిది గంటల కార్టిసాల్ (ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్), థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పిట్యూటరీ వదిలే మరో హార్మోన్) పరీక్షలు చేయించండి. కార్టిసాల్, థైరాయిడ్ రెండూ తక్కువగా ఉంటే స్టెరాయిడ్ మొదలుపెట్టాకే థైరాయిడ్ మాత్ర ఇవ్వాలి, ఆ వరస తప్పితే ప్రమాదం. గుండె ఎకో తప్పనిసరి. మత్తు డాక్టరుకు మీ గురక గురించి, నిద్రలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేవడం గురించి భర్త చేతనే చెప్పించండి. నాలుక, దవడ పెరిగినవాళ్లకు గొంతులో గొట్టం వేయడం కష్టం, ముందే తెలిస్తే తగిన ఏర్పాటుతో వస్తారు. పెద్దపేగు లోపలి గోడకు చిన్న పిలకల్లాంటి కండలు (పాలిప్స్) పెరిగే స్వభావం ఈ జబ్బులో ఎక్కువ కాబట్టి, కెమెరా గొట్టంతో పేగు లోపల చూసే కొలనోస్కోపీ ఒకసారి చేయించాలి, అది తర్వాతైనా పరవాలేదు.

డబ్బు విషయానికి వస్తే, మీకు ఆహార భద్రత కార్డు ఉందని రాశారు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గర కూర్చుని ముక్కు ద్వారా పిట్యూటరీ ఆపరేషన్ అని స్పష్టంగా చెప్పి, ఏ ఆసుపత్రిలో ఉందో, ఎమ్మారై, తర్వాతి పరీక్షలు అందులోకి వస్తాయో లేదో అడగండి. నెలనెలా ఇంజెక్షన్ల సంగతి విడిగా అడగండి, ఆపరేషన్‌కు వర్తించిందల్లా మందులకు వర్తించకపోవచ్చు.

మొహం గురించి అడిగారు. పెరిగిన ఎముక వెనక్కి తగ్గదు కాబట్టి దవడ అలాగే ఉంటుంది, పళ్ల సందులూ అంతే. కానీ మీరు చూస్తున్న మార్పులో ఎముక కొంతే, మిగిలినది చర్మం కింద నీరు పట్టి ఉబ్బిన మెత్తని భాగం. హార్మోన్ పడిపోతే కొద్ది రోజుల్లోనే చెమట తగ్గుతుంది, వారాల్లో ముక్కు, పెదవులు, వేళ్లు పలచబడతాయి. చేతుల తిమ్మిరి, గురక, షుగరు చాలామందికి మెరుగవుతాయి. షుగరు మాత్రలు అవే మోతాదులో కొనసాగిస్తే పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి ఆపరేషన్ అయిన వారం రోజులూ రోజుకు నాలుగుసార్లు చూసుకోండి. కీళ్ల నొప్పులు మాత్రం కొంత మిగులుతాయి. అసలు ఫలితం తేలేది పన్నెండు వారాల తర్వాత చేసే ఐజీఎఫ్-1లో. అది మామూలుగా వచ్చినా ఏడాదికొకసారి చూపించుకుంటూ ఉండాలి. అదుపులో ఉంచుకున్నవాళ్ల ఆయుష్షు మిగతావాళ్లతో దాదాపు సమానమే, వదిలేస్తే మొదట దెబ్బతినేది గుండె.

కూతురికి ఇంకా చెప్పలేదని రాశారు. మీ సూదిలోకి దారం ఎక్కించే పిల్లకు ఏదో జరుగుతోందని తెలియకుండా ఉండదు. క్యాన్సర్ కాదు, ముక్కు ద్వారా చేస్తారు, నాలుగైదు రోజుల్లో ఇంటికొస్తాను అని మూడు ముక్కలు చెప్పండి. ఈ జబ్బు నూటికి తొంభై మందికి పైగా వంశంలో రాదు, మీ పుట్టింట్లో ఇంకెవరికీ లేదు కాబట్టి ఆ దిగులూ ఆ పిల్లకు అక్కర్లేదు.

ఇంకొక చిన్న పని. వేలికి పట్టేసిన ఉంగరం ఉందన్నారు. ఆపరేషన్ గదిలోకి అది వెళ్లకూడదు, ఆ ఉదయం హడావిడిగా లాగితే వేలు వాస్తుంది, కాబట్టి ఈ వారమే కంసాలి చేత తీయించండి. బదులుగా కొత్త ఉంగరం గాని, మెట్టెలు గాని, పెద్ద పిడి ఉన్న కత్తెర గాని ఇప్పుడే కొనకండి. పన్నెండు వారాల పరీక్ష అయ్యాక కొలత తీయించుకోండి, అప్పటికి వేళ్లు ఇప్పటి సైజులో ఉండకపోవచ్చు.